వృద్ధాశ్రమంలో ఉన్న అమ్మానాన్నలతో వీడియో కాల్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆశ్రమంలో ఉన్న పెద్దవాళ్ళకీ దూరాన ఉన్న పిల్లలకీ మధ్య వీడియో కాల్ కలిపేటప్పుడు అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. అందుకే వాటిని ఒకచోట చేర్చాం. మన రెండు రాష్ట్రాల్లోని ప్రైవేటు వృద్ధాశ్రమాలు, కేర్ హోమ్‌లను దృష్టిలో పెట్టుకుని రాసిన జవాబులివి. దేనికది విడిగా చదువుకోవచ్చు. ఒక్క మాట ముందే చెప్పాలి. కాల్ బాగా సాగడానికి ఫోన్ ఖరీదు కంటే, ఆ వేళకి పెద్దవాళ్ళ పక్కన ఎవరు కూర్చుంటారన్నదే ముఖ్యం.

## ఆశ్రమంలో చేర్చే ముందు

చేర్చేటప్పుడే వీడియో కాల్ సంగతి ఆశ్రమం వాళ్ళని ఎలా అడగాలి?

"వైఫై ఉందా?" అంటే అందరూ ఉందనే చెప్తారు. అమ్మ ఉండబోయే గదిలోకి వెళ్ళి, ఆమె మంచం మీదే కూర్చుని, తలుపు వేసి, అయిదు నిమిషాలు వీడియో కాల్ చేసి చూడండి. రూటర్ కింద ఆఫీసులో ఉండి గది రెండో అంతస్తు చివర్న ఉంటే, సిగ్నల్ గీతలు కనిపిస్తాయి గానీ బొమ్మ నిలవదు. కరెంటు పోతే రూటర్ నడుస్తుందా అని తప్పకుండా అడగండి. చాలాచోట్ల ఇన్వర్టర్ లైను ఫ్యాన్లకీ లైట్లకీ మాత్రమే ఇస్తారు, రూటర్ ప్లగ్గు దాని మీద ఉండదు. రూటర్‌కి విడిగా పెట్టే చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి. ఒకటి మీరే కొనిస్తామన్నా ఏ ఆశ్రమమూ కాదనదు. కాల్ కలిపే మనిషి ఎవరు, ఆమె సెలవు పెట్టిన రోజు ఎవరు కలుపుతారు అన్నవి కూడా పేర్లతో సహా రాసుకోండి.

అమ్మకి సొంత ఫోన్ ఇవ్వాలా, ఆశ్రమం ట్యాబ్ సరిపోదా?

అమ్మ ఫోన్ ఎత్తగలిగితే సొంత ఫోనే మంచిది. తనకి అనిపించినప్పుడు తనే పిలవగలదు. ఆ స్వేచ్ఛ చిన్నది కాదు. ఉమ్మడి ట్యాబ్ అయితే వంతు కోసం ఎదురుచూడాలి, పైగా అందులో వేరేవాళ్ళ పిల్లల నంబర్లు కూడా ఉంటాయి. మంచం దిగలేని వాళ్ళకీ, మతిమరుపు బాగా ముదిరిన వాళ్ళకీ మాత్రం ఆయా చేతిలో ఉండే పెద్ద ట్యాబే నయం. ఆ ట్యాబ్‌ని ప్రతి కాల్ తర్వాతా 70 శాతం ఆల్కహాల్ వైప్‌తో తుడుస్తారో లేదో కనుక్కోండి. జలుబూ దగ్గూ ఒక గది నుంచి ఇంకో గదికి అలాగే చేరతాయి.

ఫోన్, ట్యాబ్, అలెక్సా స్క్రీన్‌లలో ఏది కొనాలి?

చూపు కాస్త తగ్గినవాళ్ళకి 10 అంగుళాల ట్యాబ్. ఫోన్‌లో మొహం అరచేతంత కనిపిస్తే ఇందులో దాదాపు నిజం మొహమంత కనిపిస్తుంది. దాంతోపాటు అడుగు బరువుగా ఉండే స్టాండ్ కూడా కొనండి. తేలిక స్టాండ్ వేలు తగిలితేనే పడిపోతుంది. మంచానికి బిగించే వంగే గొట్టం స్టాండ్‌కి ట్యాబ్ బరువెక్కువై ఊగుతుంది, దానికి ఫోనే పెట్టాలి. ఎకో షో అనే అలెక్సా స్క్రీన్‌లో డ్రాప్ ఇన్ అనే సదుపాయం ఉంది. అటువైపు ఎవరూ ఏమీ నొక్కకుండానే కాల్ కలుస్తుంది. ఒంటరి గదిలో, పెద్దవాళ్ళు ఒప్పుకుంటేనే దాన్ని వాడాలి. ఇద్దరు ముగ్గురు ఉండే గదిలో పక్కావిడ చీర మార్చుకుంటుండగా మీ కాల్ కలవవచ్చు. అక్కడ అది వద్దే వద్దు.

## ఫోన్, నెట్ సిద్ధం చేసేటప్పుడు

ఫోన్ ఇచ్చే ముందు ఏయే సెట్టింగులు మార్చాలి?

అన్నిటికంటే ముందు బ్యాటరీ సెట్టింగ్. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు కాసేపు వాడకపోతే వాట్సాప్‌ని నిద్రపుచ్చేస్తాయి. మీరు అటు పదిసార్లు చేసినా ఇటు ఒక్కసారీ మోగదు. అమ్మ ఎత్తడం లేదని మీరు, పిల్లలు చేయడం లేదని అమ్మ అనుకుంటూ ఉంటారు. యాప్ ఇన్ఫోలోకి వెళ్ళి, వాట్సాప్ బ్యాటరీ వాడకాన్ని అన్‌రిస్ట్రిక్టెడ్ చేయండి.

తర్వాత అక్షరాల సైజు పెంచండి. స్క్రీన్ తిరగడం ఆపేయండి. వాట్సాప్‌లో ఫోటోలు, వీడియోలు వాటంతటవే డౌన్‌లోడ్ కాకుండా చేయండి, లేకపోతే గ్రూపుల్లో వచ్చే గుడ్ మార్నింగ్ బొమ్మలతోనే మెమరీ నిండుతుంది. ప్రైవసీ కింద కాల్స్‌లో తెలియని నంబర్లని మోగకుండా ఆపే ఆప్షన్ ఆన్ చేయండి. పిల్లల చాట్ తెరిచి, మూడు చుక్కలు, మోర్, యాడ్ షార్ట్‌కట్ నొక్కితే ఫోటోతో సహా ముందు పేజీలోకి వస్తుంది. అక్కడ పిల్లల ఫోటోలు తప్ప ఇంకే గుర్తులూ ఉంచకండి.

ఫోన్ మోగుతుంది, నాన్న ఆకుపచ్చ గుర్తు నొక్కుతారు, అయినా కలవదు. ఎందుకు?

స్క్రీన్ లాక్‌లో ఉన్నప్పుడు ఆ గుర్తుని పైకి జరపాలి. లాక్ లేనప్పుడు ఊరికే నొక్కితే చాలు. ఒకే పనికి రెండు పద్ధతులుండటంతో నాన్నగారు తికమకపడుతున్నారు. ఆయన చేత "పైకి తొయ్యి" అన్న ఒక్క అలవాటే చేయించండి. కాల్ వచ్చినప్పుడు ఫోన్ ఎప్పుడూ లాక్‌లోనే ఉండేలా, ముప్పై సెకన్లకే స్క్రీన్ ఆరిపోయేలా పెట్టండి. నేర్పేటప్పుడు పక్క గదిలోంచి వరసగా ఆరేడు సార్లు కాల్ చేస్తూ ఆయన చేతే ఎత్తించండి. మీరు చేసి చూపిస్తే రాదు.

అమ్మ వేలు పెట్టినా స్క్రీన్ పలకదు. ఫోన్ పాడైందా?

ఫోన్ బాగానే ఉంది. వయసుతో వేళ్ళ చర్మం ఎండిపోతే టచ్ స్క్రీన్ గుర్తించదు. కాల్‌కి ముందు చేతులకి కాస్త మాయిశ్చరైజర్ రాసి తుడిస్తే చాలాసార్లు సరిపోతుంది. అరిగిపోయిన స్క్రీన్ గార్డు తీసేయండి. కొన్ని ఫోన్లలో టచ్ సెన్సిటివిటీ పెంచే ఆప్షన్ ఉంటుంది. చేతులు వణికే వాళ్ళకి మొన రబ్బరుతో ఉండే లావుపాటి స్టైలస్ పెన్ను సులువు.

నెలకి ఎంత డేటా పడుతుంది?

అరగంట వాట్సాప్ వీడియో కాల్‌కి సుమారు 150 నుంచి 350 ఎంబీ అవుతుంది. రోజుకి 1.5 జీబీ ఇచ్చే ప్లాన్ బాగా సరిపోతుంది. సరిపోవడం లేదంటే పగలంతా ఆ ఫోన్‌లో ఎవరో వీడియోలు చూస్తున్నారని అర్థం. అందులో తప్పు లేదు, అమ్మకీ కాలక్షేపం కావాలి. అలాంటప్పుడు పెద్ద ప్లాన్ వేయించండి. రీచార్జ్ గడువు తేదీని మీ క్యాలెండర్‌లో పెట్టుకోండి, ఆశ్రమం మీద వదిలేయకండి. వైఫై ఉందికదా అని సిమ్‌ని రీచార్జ్ లేకుండా నెలల తరబడి వదిలేస్తే నంబరే పోవచ్చు, దాంతో వాట్సాప్ మళ్ళీ తెరవలేరు, బ్యాంకు ఓటీపీలూ రావు.

బొమ్మ ఆగి ఆగి వస్తుంది, మాటలు తెగుతాయి. నెట్ మార్చాలా?

ముందు ఏ చివర లోపముందో తేల్చుకోండి. అమ్మ ఫోన్‌లో వైఫై ఆపి మొబైల్ డేటా మీద చేసి చూడండి. అప్పుడు బాగుంటే లోపం ఆశ్రమం వైఫైది. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా అందరూ వాడతారు గనక ఒకటి రెండు గంటలు ముందుకో వెనక్కో జరిపినా కుదుటపడుతుంది. రూటర్‌లో రెండు పేర్లు కనిపిస్తే 2.4 గిగాహెర్ట్‌జ్ దానికి కలపండి, గోడలు దాటడంలో 5 గిగాహెర్ట్‌జ్ కంటే అదే మేలు. వాట్సాప్ సెట్టింగుల్లో, స్టోరేజ్ అండ్ డేటా కింద, కాల్స్‌కి తక్కువ డేటా వాడే ఆప్షన్ ఉంది. బొమ్మ కొంచెం మసకబారుతుంది గానీ మాట తెగదు. రెండిట్లో ఒకటే దక్కేట్టుంటే మాటనే కాపాడుకోండి, వీడియో ఆపేసి మాట్లాడండి.

మేం దుబాయ్‌లో ఉన్నాం. వాట్సాప్ కాల్ కలవదు, ఏం చేయాలి?

యూఏఈలో వాట్సాప్ మెసేజీలు వెళ్తాయి గానీ కాల్స్ పనిచేయవు. అక్కడ అనుమతి ఉన్న బోటిమ్ లాంటి యాప్ వాడాలి. అదే యాప్ అమ్మ ఫోన్‌లోనూ ఉండాలి. కాబట్టి మీరు ఊరు వచ్చినప్పుడే పెట్టి, ఒకసారి కాల్ చేసి చూసుకుని వెళ్ళండి. అమ్మకి వాట్సాప్ గుర్తు అలవాటైతే కొత్త గుర్తుని సరిగ్గా అదే స్థానంలో పెట్టండి.

## వేళ కుదుర్చుకునేటప్పుడు

అమెరికా నుంచి ఏ టైంకి చేస్తే మంచిది?

ఆశ్రమాల్లో రాత్రి భోజనం ఏడు, ఏడున్నరకి అయిపోతుంది. ఎనిమిదిన్నరకి చాలామంది పడుకుంటారు. డల్లాస్‌లో ఎండాకాలం ఉదయం 8 గంటలంటే ఇక్కడ సాయంత్రం 6.30, చక్కటి వేళ. నవంబరు మొదటి ఆదివారం అక్కడ గడియారం వెనక్కి తిప్పాక అదే 8 గంటలు ఇక్కడ రాత్రి 7.30 అవుతుంది. అమ్మ కంచం ముందుంటుంది, లేదా మగతగా ఉంటుంది. "ఈ మధ్య అమ్మ సరిగ్గా మాట్లాడటం లేదు" అని నవంబరులో వచ్చే ఫిర్యాదుల్లో కొన్నిటికి కారణం ఇంతే. కాబట్టి ఇండియా టైంని స్థిరంగా పెట్టుకుని, మీ టైం మార్చుకోండి. మార్చి రెండో ఆదివారం మళ్ళీ మారుతుంది. కాలిఫోర్నియా వాళ్ళకి రాత్రి 9 గంటలు అనుకూలం. ఇక్కడ మర్నాడు ఉదయం ఎండాకాలంలో 9.30, చలికాలంలో 10.30, రెండూ పెద్దవాళ్ళు హుషారుగా ఉండే పొద్దే.

బ్రిటన్‌లో గడియారం మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారాల్లో మారుతుంది. సిడ్నీ, మెల్‌బోర్న్‌లలో ఏప్రిల్, అక్టోబరు మొదటి ఆదివారాల్లో. గల్ఫ్, సింగపూర్‌లలో మారదు.

రోజూ చేయాలా, వారానికోసారి చాలా?

వారానికోసారి గంటసేపు కూర్చోబెట్టే కాల్ కంటే, వారానికి మూడుసార్లు పది పదిహేను నిమిషాలు మేలు. ఇరవై నిమిషాలు దాటితే చాలామంది పెద్దవాళ్ళు అలిసిపోతారు, మీ మీద ప్రేమతో ఆ మాట చెప్పరు. ఎన్నిసార్లన్న దానికంటే చెప్పిన వేళకి చేయడం ముఖ్యం. ఆదివారం పదింటికి అంటే ఆవిడ తొమ్మిదిన్నర నుంచే ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటుంది. మీకు కుదరకపోతే "రేపు చేస్తాను" అని పది సెకన్ల వాయిస్ మెసేజ్ పెట్టండి, ఆయాకి కూడా చెప్పండి.

చెప్పకుండా చేస్తే అమ్మ కాల్ తీయదు, తీసినా ముభావంగా ఉంటుంది. ఎందుకలా?

తల దువ్వుకోకుండా, బొట్టు లేకుండా, పళ్ళసెట్టు పెట్టుకోకుండా కన్నబిడ్డ ముందైనా కనిపించడం చాలామందికి చిన్నతనంగా ఉంటుంది. అల్లుడో కోడలో పక్కన ఉన్నారంటే మరీను. పదిహేను నిమిషాల ముందు ఆయాకి మెసేజ్ పెట్టండి. తల దువ్వి, కళ్ళజోడు తుడిచి, వినికిడి మిషన్ పెట్టి, ఒకసారి బాత్రూంకి తీసుకెళ్ళి, మంచినీళ్ళు పక్కన పెట్టడానికి ఆ మాత్రం టైం పడుతుంది. వద్దన్న రోజు మామూలు ఫోన్ కాల్ చేయండి. కనిపించాలా వద్దా అన్నది ఆవిడ ఇష్టం.

## కాల్ నడుస్తుండగా

ఎప్పుడు చేసినా నాన్న నుదురూ, పైన ఫ్యానూ తప్ప ఏమీ కనిపించవు. ఏం చేయాలి?

ఫోన్ ఒళ్ళో ఉంటే అంతే. కెమెరా కళ్ళ ఎత్తులో, మొహానికి ఒకటిన్నర రెండు అడుగుల దూరంలో ఉండాలి. బల్ల మీద నాలుగు లావుపాటి పుస్తకాలు పేర్చి, పైన స్టాండ్ పెట్టమనండి. కిటికీ ఆయన వెనక ఉంటే మొహం నల్లగా పడుతుంది, కుర్చీ తిప్పి వెలుతురు మొహం మీద పడేట్టు కూర్చోబెట్టాలి. పడుకునే మాట్లాడే వాళ్ళకి తలవైపు రెండు దిండ్లు ఎత్తు పెట్టి, ఫోన్‌ని పక్క నుంచి కాకుండా ఎదురుగా బిగించాలి. ఫ్యాన్ గాలి నేరుగా మైకు మీద కొడితే ఫోన్ ఆ హోరుని తగ్గించబోయి మాటని కూడా మింగేస్తుంది. ఆ పది నిమిషాలూ ఫ్యాన్ ఒకటి మీద పెట్టమని చెప్పండి.

"భోంచేశావా, మందులు వేసుకున్నావా" అయ్యాక ఏం మాట్లాడాలో తోచదు. ఎలా?

ఆ రెండు ప్రశ్నలూ ఆయాకి మెసేజ్‌లో వేయండి, అమ్మతో ఉన్న సమయం వాటికి ఖర్చు చేయకండి. రోజంతా ఆశ్రమంలో ఆవిడని అందరూ అడిగేవి అవే. మీరు అడగాల్సింది ఆవిడకి మాత్రమే తెలిసినది. పది కాయల ఆవకాయకి కారం ఎంత, ఆవపిండి ఎంత, ముక్క మెత్తబడకుండా ఏం చేయాలి? పెదనాన్నగారి వియ్యంకులది ఏ ఊరు? తను చదివిన బళ్ళో పంతులు ఎవరు? సలహా అడిగితే మనిషి నిటారుగా కూర్చుంటుంది.

చూపించడానికి ఏదైనా ఉంచుకోండి. కుండీలో కరివేపాకు మొక్క, కూరగాయల దుకాణంలో గోంగూర కట్ట, బయట పడుతున్న మంచు. వంట చేస్తూ ఫోన్ పక్కన పెట్టుకుని "పోపులో ముందు ఏది వేయాలమ్మా" అని అడుగుతూ ఉండండి. కొందరు నాన్నలకి మాటలు రావు, పేపరు చదివించుకోవడం ఇష్టం. ఆ రోజు రాశిఫలాలు, ఊరి వార్తలు చదివి వినిపించండి. ఏమీ మాట్లాడకుండా ఇద్దరూ కాఫీ తాగుతూ కూర్చున్నా అది మంచి కాలే.

మా పిల్లలకి తెలుగు సరిగా రాదు. అమ్మమ్మతో ఏం మాట్లాడతారు?

మాట్లాడించాలని పట్టుబట్టకండి. "అమ్మమ్మకి హాయ్ చెప్పు" అని తోసేస్తే పిల్లలు పారిపోతారు. చేసే పని ఇవ్వండి: గీసిన బొమ్మ చూపించడం, నేర్చుకున్న పాట పాడటం, అమ్మమ్మ పొడుపుకథ వేస్తే మీరు అర్థం చెప్పడం. మూడు నాలుగు నిమిషాలు చాలు. కాల్ మొదట్లోనే పిల్లల వంతు పెట్టండి, చివర్లో పెడితే ఇరువైపులా ఓపిక అయిపోతుంది.

మేం నలుగురం అన్నదమ్ములం, అక్కచెల్లెళ్ళం. అందరం ఒకేసారి చేయవచ్చా?

వాట్సాప్‌లో 32 మంది దాకా కలవచ్చు గానీ, ఫోన్ స్క్రీన్ మీద ముగ్గురు దాటితే మొహాలు గుర్తుపట్టలేరు. అందరూ ఒకేసారి మాట్లాడితే వినికిడి తగ్గినవాళ్ళకి ఒక్క ముక్కా అందదు. ఉగాదికీ సంక్రాంతికీ, పుట్టినరోజుకీ అందరూ కలవండి. ఒకరు పెద్దరికం తీసుకుని వంతు వంతున మాట్లాడించాలి, మిగతావాళ్ళు మ్యూట్‌లో ఉండాలి. మామూలు రోజుల్లో రోజులు పంచుకోండి. గూగుల్ మీట్ ఉచిత గ్రూపు కాల్ 60 నిమిషాలకీ, జూమ్ ఉచిత మీటింగ్ 40 నిమిషాలకీ ఆగిపోతాయని గుర్తుంచుకోండి. మధ్యలో తెగితే పెద్దవాళ్ళు ఎవరికో ఏదో అయిందని కంగారుపడతారు.

ప్రతి కాల్‌లోనూ అమ్మ "నన్ను ఇంటికి తీసుకెళ్ళిపో" అని ఏడుస్తుంది. ఏం చెప్పాలి?

"వచ్చే నెల తీసుకెళ్తా" అని అబద్ధం చెప్పకండి. మతిమరుపు ఉన్నవాళ్ళకి కూడా మాట గుర్తుండకపోయినా మోసపోయిన బాధ మిగులుతుంది. "ఇక్కడే బాగుంది కదమ్మా" అని వాదించకండి. "ఇల్లు బాగా గుర్తొస్తోందా అమ్మా?" అని అడిగి, ఆవిడ చెప్పేది వినండి. ఇంట్లో ఏది గుర్తొస్తోందో చెప్పనివ్వండి. చాలాసార్లు అది దేవుడి గది, పెరట్లో చెట్టు, పక్కింటి స్నేహితురాలు. వాటిలో ఏదో ఒకటి ఆశ్రమానికి తేవచ్చు: పాత విగ్రహం, దుప్పటి, ఆ స్నేహితురాలితో ఒక కాల్. మీరు వచ్చే తేదీ టిక్కెట్టు తీసుకున్నాక మాత్రమే చెప్పండి, చెప్పాక గది క్యాలెండర్ మీద రాయించండి.

కాల్‌ని సాయంత్రం టీకో భజనకో పావుగంట ముందు పెట్టుకోవడం మంచి ఉపాయం. ఫోన్ పెట్టేశాక వెంటనే ఇంకో పని ఉంటుంది, ఖాళీ గదిలో ఏడుస్తూ మిగిలిపోదు. ఏడుపు మొదలవగానే కాల్ కట్ చేయకండి. కొత్తగా చేరిన మొదటి కొన్ని వారాలు ఇది మామూలే. నెలలు గడిచినా తగ్గకపోతే, తిండీ నిద్రా తగ్గుతుంటే డాక్టరుకి చూపించమనండి. అది దిగులు జబ్బు (డిప్రెషన్) కావచ్చు, దానికి వైద్యం ఉంది.

ఆయా పక్కనే నిలబడి ఉంటే అమ్మ నిజం చెప్పదేమో. ఎలా తెలుసుకోవాలి?

మొదటి అయిదు నిమిషాల తర్వాత ఆయా గది బయటికి వెళ్ళాలని మేనేజరుతో ముందే మాట్లాడుకోండి, అందరికీ ఉండే నియమంలా అడిగితే ఎవరూ నొచ్చుకోరు. తర్వాత అవును, కాదు అని చెప్పగలిగే ప్రశ్నలు వేయండి: "రాత్రి పిలిస్తే వస్తున్నారా?" "ఎవరైనా గట్టిగా అరిచారా?" మాటకంటే కళ్ళతో చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. పెదాలు పొడిబారడం, గోళ్ళు పెరిగిపోవడం, చేతుల మీద కమిలిన మచ్చలు, రెండు మూడు రోజులుగా అదే బట్ట, బుగ్గలు లోపలికి పోవడం, ఎవరైనా గదిలోకి రాగానే మాట ఆపేయడం. ముసలివాళ్ళ చర్మం చిన్న దెబ్బకే కములుతుంది, రక్తం పల్చబడే మందు వాడుతుంటే మరీను. కాబట్టి ఒక్క మచ్చకే నింద వేయకండి, ఎలా అయిందో రాతలో అడగండి.

వీడియో కాల్‌లో వాసన తెలియదు, వీపు కనిపించదు. మంచాన పడ్డవాళ్ళకి పుండ్లు నడుం కింద, మడమల మీద మొదలవుతాయి. అందుకే నెలకోసారి బరువు, వారానికోసారి చర్మం పరీక్ష వివరాలు పంపమని అడగండి. ఊళ్ళో ఉన్న బంధువునో స్నేహితుణ్ణో చెప్పకుండా ఒకసారి వెళ్ళి రమ్మనండి. నిజంగా వేధింపు ఉందనిపిస్తే వృద్ధుల జాతీయ హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేయవచ్చు, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు ఉంటుంది.

## వినికిడి, చూపు, జ్ఞాపకశక్తి తగ్గినప్పుడు

ఎంత అరిచినా నాన్నకి వినపడదు. ఇంకా గట్టిగా మాట్లాడాలా?

అరిస్తే ఇంకా తక్కువ అర్థమవుతుంది. వయసుతో వచ్చే చెవుడులో సన్నని శబ్దాలు ముందు పోతాయి. స, శ, త, ప లాంటి అక్షరాలు జారిపోయి మాట ముద్దగా వినిపిస్తుంది. గొంతు కాస్త తగ్గించి, నిదానంగా, ఒక్కో వాక్యం తర్వాత ఆగి మాట్లాడండి. మీ మొహం మీద వెలుతురు ఉంచండి, ఆయన పెదాలు చూసి సగం గ్రహిస్తారు. ఫోన్ స్పీకర్ బదులు చెవి మొత్తం కప్పే వైరు హెడ్‌ఫోన్ గానీ, ఒక చిన్న బ్లూటూత్ స్పీకర్ గానీ పెట్టండి. గదిలో టీవీ కట్టేయమనండి. ఆయనకి చదవడం వస్తే రెండో ఫోన్‌లో గూగుల్ లైవ్ ట్రాన్స్‌క్రైబ్ తెలుగులో పెట్టి పక్కన ఉంచితే మీ మాట అక్షరాల్లో పడుతుంది. తప్పులుంటాయి గానీ విషయం అందుతుంది. ఆరు నెలలకోసారి చెవిలో గుమిలి చూపించండి.

వినికిడి మిషన్ పెట్టుకుంటే కీచుమంటుంది, అందుకే అమ్మ తీసేస్తుంది. ఏం చేయాలి?

ఫోన్‌ని చెవికి ఆనిస్తే మిషన్ నుంచి వచ్చిన శబ్దం మళ్ళీ దాని మైకులోకే వెళ్ళి కీచుమంటుంది. ఫోన్ ఎదురుగా బల్ల మీద స్పీకర్‌లో ఉంచితే ఆ బాధ ఉండదు. మిషన్‌కి చెవిలో పెట్టే అచ్చు వదులైనా, చెవిలో గుమిలి ఉన్నా అలాగే అరుస్తుంది. బ్యాటరీ సైజు చుట్టూ ఉన్న కాగితం రంగుతో తెలుస్తుంది: 10 పసుపు, 312 గోధుమ, 13 నారింజ, 675 నీలం. ఒక పాకెట్ ఎప్పుడూ అలమారాలో ఉండేలా చూడండి.

పక్షవాతం వచ్చాక మాట పోయింది. కాల్ ఎలా చేయాలి?

మాట పోయినా అర్థం చేసుకోవడం చాలామందిలో మిగిలి ఉంటుంది. చిన్నపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడకండి. ఒకసారి ఒకే ప్రశ్న వేసి, తల ఊపడానికో వేలు ఎత్తడానికో పది సెకన్లు ఆగండి. మాట రానివాళ్ళలో కొందరు తెలిసిన పాటో పద్యమో కలిసి పాడితే పాడేయగలుగుతారు, ప్రయత్నించండి. మెదడు కుడివైపు దెబ్బతిన్న కొందరికి ఎడమవైపు ఉన్నది ధ్యాసలోకి రాదు. వాళ్ళకి ఫోన్ కుడివైపు పెట్టించండి.

అమ్మకి మతిమరుపు, నేనెవరో గుర్తుపట్టదు. కాల్ వల్ల ఉపయోగముందా?

ఉంది. పేరు తట్టకపోయినా మీ గొంతు, నవ్వు ఆవిడని కుదుటపరుస్తాయి. "నేనెవరో చెప్పు చూద్దాం" అని మాత్రం ఎప్పుడూ పరీక్ష పెట్టకండి. చెప్పలేకపోతే ఆవిడ సిగ్గుపడుతుంది, మీరు కుంగిపోతారు. "అమ్మా, నేను నీ చిన్నకూతుర్ని" అని మీరే మొదలుపెట్టండి. మిమ్మల్ని తన చెల్లెలనుకుంటే సరిదిద్దకండి. ఆయా పక్కన కూర్చుని మీ పాత ఫోటో చేతికిస్తే తెర మీది మనిషి టీవీలో మనిషి కాదని తెలుస్తుంది. ఇలాంటివాళ్ళకి పొద్దు వాలాక కంగారు, చిరాకు పెరుగుతాయి. ఉదయం తొమ్మిది నుంచి పదకొండు లోపు చేయండి, అయిదారు నిమిషాలతో ఆపండి.

అమ్మ స్క్రీన్‌లో తన మొహం చూసి "ఈవిడెవరు?" అని భయపడుతుంది. ఎలా ఆపాలి?

మూల కనిపించే తన బొమ్మని వేరే ఎవరో ముసలావిడ అనుకుంటోంది. జూమ్‌లో అయితే హైడ్ సెల్ఫ్ వ్యూ నొక్కితే పోతుంది, మీట్‌లో దాన్ని చిన్నది చేయవచ్చు. మరే యాప్‌లోనైనా ఆ మూల మీద స్టిక్కీ నోట్ ముక్క అంటించడమే తేలిక.

## మోసాలు, పెన్షన్

వీడియో కాల్ చేసి అమ్మని ఎవరైనా మోసం చేస్తారేమోనని భయం. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

పోలీసు యూనిఫాంలో వీడియో కాల్ చేసి "డిజిటల్ అరెస్ట్" అని బెదిరించే ముఠాలు పెద్దవాళ్ళనే వెతుక్కుంటాయి. అలాంటి అరెస్టు మన చట్టంలో లేనే లేదు. వాట్సాప్‌లో స్క్రీన్ షేర్ చేయించి ఓటీపీ చదివేయడం ఇంకో పద్ధతి. అమ్మకి ఒకే ఒక్క మాట నేర్పండి: "మా అబ్బాయితో మాట్లాడి చెప్తాను" అని పెట్టేయాలి. వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టి ఆ ఆరంకెల పిన్ మీ దగ్గర ఉంచుకోండి. వీడియో కాల్ ఫోన్‌లో బ్యాంకు యాప్, యూపీఐ లేకుండా చూడటం అన్నిటికంటే మంచిది. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే అంత అడ్డుకునే వీలుంటుంది.

వీడియో కాల్‌లోనే నాన్న లైఫ్ సర్టిఫికెట్ నేను ఇక్కడి నుంచి చేసేయవచ్చా?

కుదరదు, మొహం స్కాన్ చేసే ఫోన్ ముందే ఆయన ఉండాలి. అయితే ఆశ్రమంలో ఎవరైనా తమ ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఆధార్ ఫేస్ ఆర్డీ, జీవన్ ప్రమాణ్ యాప్‌లు వేసుకుని అక్కడే చేయవచ్చు. ముందు చేసేవాళ్ళు తమ ఆధార్‌తో నమోదవ్వాలి, తర్వాత నాన్నగారి ఆధార్, పీపీఓ (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వు) నంబరు, బ్యాంకు ఖాతా వివరాలిచ్చి మొహం స్కాన్ చేయాలి. ఓటీపీ ఆయన నంబరుకి వస్తుంది, అందుకే ఆ సిమ్ బతికుండాలి. ఆయన పెన్షనిచ్చే శాఖ దీన్ని ఒప్పుకుంటుందో లేదో ముందు కనుక్కోండి.

కాల్ రికార్డ్ చేసి బంధువుల గ్రూపులో పెట్టవచ్చా?

అమ్మని అడిగి, సరేనంటేనే. పక్క మంచం మీద ఉన్నావిడ కనిపిస్తే పెట్టకండి. ఆశ్రమంలో ఉన్న సంగతి తమవాళ్ళకి తెలియకూడదనుకునే వాళ్ళూ ఉంటారు.

## జబ్బు చేసినప్పుడు, చివరి రోజుల్లో

ఇంట్లో ఒకరు పోయారు. అమ్మకి వీడియోలో చెప్పవచ్చా?

ఎవరూ వెళ్ళలేని స్థితి అయితే చెప్పవచ్చు, దాచడం కంటే మంచిదే. ముందు ఆశ్రమం నర్సుకి చెప్పండి. పొద్దున్న టిఫిన్ అయ్యాక, ఆవిడ చేయి పట్టుకునే మనిషి పక్కన కూర్చున్నాక, సూటిగా, చిన్న మాటల్లో చెప్పండి. రాత్రి వేళ వద్దు. ఆ సాయంత్రం, మర్నాడు మళ్ళీ కాల్ చేయండి. కర్మకాండలు చూస్తానంటే చూపించండి, మధ్యలో వద్దంటే ఆపేయండి. బాగా మతిమరుపు ఉండి, విన్న ప్రతిసారీ కొత్తగా కుప్పకూలే మనిషికి మాత్రం ఒకసారి చెప్పాక మళ్ళీ మళ్ళీ గుర్తు చేయకండి.

నాన్న స్పృహలో లేరంటున్నారు. ఇప్పుడు కాల్ చేసి ఏం లాభం?

స్పృహ లేనట్టు కనిపించినా వినికిడి కొంత మిగిలి ఉండవచ్చు. ఫోన్‌ని ఆయన చెవి పక్కన దిండు మీద, తక్కువ సౌండులో పెట్టమనండి. మీరెవరో చెప్పి, మాట్లాడాల్సింది మాట్లాడండి. మీ పక్కన ఎవరూ వైద్యం గురించి, డబ్బు గురించి చర్చించకుండా చూడండి, అది ఆయనకీ వినిపించవచ్చు. ఆయన మొహం చూడలేననిపిస్తే కెమెరా తిప్పమనండి, అందులో తప్పు లేదు. పిల్లలకి చూపించే ముందు గొట్టాలు, మాస్కు ఉంటాయని చెప్పండి. నర్సుకి పని ఉన్నప్పుడు వెంటనే కాల్ ఆపాలి.

పెద్దవాళ్ళు పోయాక వాళ్ళ ఫోన్, నంబరు ఏం చేయాలి?

సిమ్‌ని వెంటనే మూయించకండి. బ్యాంకు, పెన్షన్, బీమా పనులకి సంబంధించిన మెసేజీలు దానికే వస్తాయి. అవి చూసుకోవడానికి మాత్రమే వాడండి. ఆ ఓటీపీతో ఖాతాలోంచి డబ్బు తీయకూడదు, నామినీగా బ్యాంకుకి వెళ్ళాలి. వాట్సాప్‌ని 120 రోజులు వాడకపోతే ఖాతా పోతుంది. కాబట్టి వాయిస్ మెసేజీలు, ఫోటోలు ముందుగానే ఎక్స్‌పోర్ట్ చాట్‌తో మీ దగ్గరికి తెచ్చుకోండి. అన్నీ అయ్యాక వాట్సాప్ ఖాతా తొలగించి, అప్పుడు సిమ్ వదిలేయండి. కొంతకాలానికి అదే నంబరు కొత్తవాళ్ళకి ఇస్తారు, అందుకని కుటుంబ గ్రూపుల్లోంచి కూడా దాన్ని తీసేయాలి.